ఊపిరితిత్తి ఆపరేషన్‌కి ముందు మూడు వారాలు: రెస్టా, విశాఖలో ఫిజియోనా, ఇంటి మెట్లా? ఏది మేలు?

ఆ రోజు మా ఇంట్లో పదిమంది ఉంటే పదిమందిదీ ఒకటే మాట. "ఆపరేషన్ అయ్యేదాకా మనిషిని కదపొద్దు." మా మావయ్యకి ఒడిశా రాయగడలో బట్టల కొట్టు. అరవై దాటాయి. కుడి ఊపిరితిత్తి పైభాగంలో గడ్డ. మొదట ఎక్స్‌రే చూసి టీబీ అన్నారు, కఫం పరీక్షలో ఏమీ రాకపోయినా కొన్నాళ్ళు ఆ మందులే మింగించారు. దగ్గు తగ్గలేదు. విశాఖ తీసుకెళ్ళి బయాప్సీ చేయిస్తే అసలు సంగతి తేలింది, క్యాన్సర్ అని. ఇటువైపు ఊళ్ళలో ఇలాంటివి వింటూనే ఉంటాం. ఇంకా కోసి తీయగలిగే దశలోనే దొరికింది, అదే నయం. తారీఖు మూడు వారాల తర్వాతకి ఇస్తూ సర్జన్‌గారు, "ఈలోగా పడుకోబెట్టకండి, ఆయాసం వచ్చేలా నడిపించండి" అన్నారు.

మావయ్య బయటికొచ్చి నా వైపు చూశాడు. "ఏట్రా, ఆయాసమని వస్తే మళ్ళీ ఆయాసం తెప్పించుకోమంటాడేటి?"

న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు తెలిస్తేగానీ ఏది మేలో తేల్చలేం. కుడి ఊపిరితిత్తికి మూడు లోబ్‌లు, అంటే భాగాలు, ఎడమదానికి రెండు. మావయ్యకి అందులో ఒకటి తీసేయాలి. ఆపరేషన్ జరిగేటప్పుడు ఆ వైపు ఊపిరితిత్తికి గాలి ఆపి, రెండోదానితోనే నెట్టుకొస్తారు. అసలు గండం ఆ తర్వాత. పక్కటెముకల దగ్గర నొప్పికి మనిషి గట్టిగా దగ్గలేడు, నిండా ఊపిరి తీయలేడు. కఫం లోపలే నిలిచిపోతుంది, ఊపిరితిత్తి కొంత మేర ముడుచుకుపోతుంది, అక్కడ న్యుమోనియా పడుతుంది. వ్యాయామంతో ఊపిరితిత్తి పెరగదు. గొట్టంలోకి ఊదే పరీక్షలో వచ్చే అంకె కూడా మూడు వారాల్లో పెద్దగా మారదు. మారేవి గుండె, కాళ్ళు. అందిన ఆక్సిజన్‌నే పొదుపుగా వాడుకుని ఎక్కువ పని చేయడం వాటికి అలవాటవుతుంది. ఇది చెబితే మావయ్యకి చటుక్కున అర్థమైంది. "అంటే పెట్టుబడి పెంచలేం గనక ఖర్చు తగ్గించుకోమంటాడు, అంతేనా?" అంతే.

ఈ ఓపికని డాక్టర్లు కంటితో అంచనా వేయరు, కొలుస్తారు. సైకిల్ తొక్కిస్తూ శరీరం గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో చూస్తారు. కిలో బరువుకి నిమిషానికి 20 మిల్లీలీటర్లు దాటితే ధైర్యంగా ముందుకెళ్తారు, 10 కూడా లేకపోతే ముప్పు చాలా ఎక్కువ. మెట్ల పరీక్ష కూడా ఉంది. 22 మీటర్ల ఎత్తు, అంటే ఇంచుమించు ఏడంతస్తులు ఎక్కగలిగితే మంచి గుర్తు. మావయ్య నాలుగో అంతస్తు మలుపులో రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయాడు. సైకిల్ మీద 14 వచ్చింది. చేయొచ్చు, కానీ ఓపిక పెంచుకుని రావాలి.

రెస్ట్ సంగతి ఇక్కడే తేల్చేస్తాను, ఎక్కువ మాట్లాడాల్సింది లేదు. ఈ వయసులో మంచం పట్టిన కొద్దీ కండ కరుగుతుంది, ఉన్న కాస్త ఓపికా ఆపరేషన్ బల్ల ఎక్కకముందే పోతుంది. వైద్య పరిశోధనలని కలిపి బేరీజు వేసే కొక్రేన్ అనే సంస్థ 2022 సమీక్షలో 10 ట్రయల్స్‌ని (రోగుల మీద పోల్చి చేసిన ప్రయోగాలని), 636 మంది రోగుల వివరాలని కలిపి చూసింది. ముందుగా వ్యాయామం చేసినవాళ్ళలో ఆపరేషన్ తర్వాత వచ్చే ఊపిరితిత్తుల ఇబ్బందులు సగానికి పైగా తగ్గాయి, ఆసుపత్రిలో ఉండే రోజులు దాదాపు రెండు తగ్గాయి. కదపొద్దనే మాట ప్రేమతోనే అంటారు. ఆ ప్రేమ చోడి అంబలి మీద చూపిస్తే సరిపోతుంది.

మిగిలింది రెండు దారులు. విశాఖలో గది తీసుకుని రోజు విడిచి రోజు ఫిజియో దగ్గర చేయించడం ఒకటి, రాయగడలోనే చేసుకోవడం ఒకటి.

విశాఖ వైపు బలమైన కారణం ఉంది. జెనీవాలో 151 మంది మీద చేసి 2017లో ప్రచురించిన ట్రయల్‌లో గట్టి వ్యాయామమే చేయించారు. సైకిల్ మీద 15 సెకన్లు శక్తికొద్దీ తొక్కాలి, 15 సెకన్లు ఆగాలి. ఇలా పది నిమిషాలు, కాసేపు విరామం, మళ్ళీ పది నిమిషాలు, వారానికి మూడుసార్లు. ఊపిరితిత్తుల ఇబ్బందులు మామూలుగా వెళ్ళినవాళ్ళలో 44 శాతం మందికి వస్తే, వీళ్ళలో 23 శాతం మందికే వచ్చాయి. తేడా ఎక్కువగా ఆ ముడుచుకుపోవడం తగ్గడం వల్లే. మరణాలతో సహా అన్ని రకాల ఇబ్బందులనీ కలిపి లెక్కేస్తే మాత్రం తేడా గట్టిగా తేలలేదు, అదీ చెప్పాలి. శక్తికొద్దీ తొక్కమని అరవై దాటిన మనిషితో అనాలంటే పక్కన తెలిసినవాళ్ళుండాలి. గుండె కొట్టుకునే వేగం, ఆక్సిజన్, బీపీ చూస్తూ పెంచాలి, అవసరమైతే ఆపాలి. ఇంట్లో అంత ధైర్యం ఎవరు చేస్తారు?

ఇక మా వైపు లెక్క చూడండి. రాయగడలో రైలెక్కితే పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం దాటి విశాఖ చేరేసరికి సగం రోజు పోతుంది. రోజు విడిచి రోజు అలా తిరిగితే వ్యాయామం సంగతి అటుంచి మనిషి ప్రయాణానికే అలిసిపోతాడు. గది తీసుకుంటే అద్దె, హోటల్ కూడు, తోడు ఒక మనిషి, ఇక్కడ మూసిన కొట్టు. ఆరోగ్య కార్డు సంగతి సరేసరి. ఆంధ్ర చుట్టాల ఎన్టీఆర్ వైద్య సేవ మనకి వర్తించదు. ఆయుష్మాన్‌లో ఆసుపత్రిలో చేరడానికి ముందు 3 రోజులు, డిశ్చార్జి తర్వాత 15 రోజుల ఖర్చు కలుస్తాయి. మూడు వారాల ముందు మొదలుపెట్టే ఫిజియో ఆ 3 రోజుల్లో ఎక్కడ ఇముడుతుంది? జేబులోంచే పెట్టుకోవాలి. (మా అత్తయ్య అసలు అభ్యంతరం ఇవేవీ కాదు. "మూడు వారాలు హోటల్ సాంబారా, ఆయనకా?")

ఇంటి వ్యాయామానికీ రుజువుంది, కానీ కాస్త పలచన. చైనాలో 73 మందితో చేసి 2020లో ప్రచురించిన ట్రయల్‌లో రెండు వారాలు ఇంట్లోనే నడక, కండరాల వ్యాయామం, శ్వాస సాధన, పోషకాహారం, మనసుకి కాస్త ఊరట అన్నీ కలిపి ఇచ్చారు. ఆరు నిమిషాల నడక పరీక్షలో వీళ్ళు రెండో గుంపు కంటే దాదాపు 60 మీటర్లు ఎక్కువ నడిచారు. ఆసుపత్రి రోజులు మాత్రం తగ్గలేదు. ఓపిక పెరుగుతుందన్నది నిజం. ఆ ఓపిక ఆపరేషన్ తర్వాత ఎంత కాపాడుతుందో చెప్పడానికి ఆ ట్రయల్ చిన్నది. ఇంట్లో ఉండే ఇంకో లోపం అందరికీ తెలిసిందే. ఎవరూ చూడకపోతే అరగంట నడక పది నిమిషాలవుతుంది, ఆ పది నిమిషాల్లో నలుగురు పలకరిస్తారు. జబ్బు మనిషి వీధిలో కనిపిస్తే మా ఊళ్ళో ఆపి అడగనివాడు లేడు.

శ్వాస సాధనకి వాడే మూడు బంతుల ఊదుడు బొమ్మ (స్పైరోమీటర్) గురించి ఒక మాట. నిజానికి ఊదేది కాదు, పీల్చేది. సగం మంది ఊదుతూ ఉంటారు, మావయ్య కూడా. అది కొని బల్ల మీద పెట్టుకుంటే వ్యాయామం అయిపోయినట్టే అనుకుంటారు. ఆపరేషన్ తర్వాత నిండా ఊపిరి తీయడం గుర్తుచేయడానికి పనికొస్తుంది, ముందే నేర్చుకుని వెళ్తే మంచిదే. కానీ అదొక్కటే నడకకి, మెట్లకి బదులు కాదు.

మేము చేసింది ఈ రెంటికీ మధ్య దారి. మా పరిస్థితిలో అదే మేలని ఇప్పటికీ అంటాను. మొదటి వారం విశాఖలోనే బంధువుల ఇంట్లో ఉండి ఫిజియో దగ్గరికి మూడుసార్లు వెళ్ళాం. ఎంత వేగం, ఎంత ఆయాసం దాకా పరవాలేదు, ఎక్కడ ఆపాలి, ఇవన్నీ ఆ మూడు రోజుల్లో ఒంటికి తెలిశాయి. మాట్లాడగలగాలి గానీ పాట పాడగలిగేంత తీరిక ఉండకూడదు, అదీ ఆవిడ పెట్టిన కొలత. తర్వాత రెండు వారాలు రాయగడలో. పొద్దున్నే ఎండెక్కకముందు నడక. సాయంత్రం మా మేడకున్న 18 మెట్లు ఒక నిమిషం ఎక్కి దిగడం, ఒక నిమిషం నిలబడడం, ఇలా పదిసార్లు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం. కరోనా రోజుల్లో కొన్న ఆక్సిమీటర్ అటక మీద నుంచి దిగింది. 88 కంటే తగ్గితే ఆగిపోవాలి. వారానికి రెండుసార్లు ఫోన్‌లో వీడియో పెట్టి ఫిజియోకి చూపించేవాళ్ళం.

అందరికీ ఈ దారి సరిపోదు. గుండె జబ్బు ఉన్నా, కూర్చున్నప్పుడే ఆయాసం వస్తున్నా, సైకిల్ పరీక్షలో అంకె 10 దగ్గరున్నా అప్పు చేసైనా ఆసుపత్రి దగ్గరే ఉండి చేయించాలనే అంటాను. కఫంలో రక్తం ఎక్కువైనా, ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగినా ఇంటి ప్రయోగం ఆపి వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. ఒంటరిగా ఉండే మనిషికి కూడా ఇల్లు సరైన చోటు కాదు, లెక్క అడిగేవాళ్ళు ఉండరు గనక.

చుట్ట, బీడీ, పికా ఏదైనా ఆ రోజే మానాలి, ఇందులో పోలిక లేదు. ఆపరేషన్ దగ్గర పడ్డాక మానితే ఇంకా చేటనే మాట మా చుట్టాల్లో కూడా ఒకరన్నారు. అది తేలిన సంగతి కాదు. ఎంత ముందు మానితే అంత లాభం. తిండిలో ప్రోటీన్ కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాములు ఉండాలన్నారు. అరవై కిలోల మనిషికి 72 గ్రాములైనా కావాలి, ఒక గుడ్డులో ఆరే. పప్పు, పెరుగు, చేప అన్నీ పడాల్సిందే.

ఇంకో దారి కూడా ఒకరు చెప్పారు. తారీఖు ఇంకో రెండు నెలలు జరిపించుకుని బాగా బలం పట్టాక వెళ్ళమని. దానికి సర్జన్‌గారు ఒప్పుకోలేదు, మేమూ అడగలేదు. బలం కోసం ఆగితే గడ్డ ఆగదు. ఎలాగూ ఎదురుచూడాల్సిన రోజులనే వాడుకోవాలి, కొత్తగా రోజులు కొనుక్కోకూడదు.

ఆపరేషన్‌కి ముందు రోజు ఫిజియో మళ్ళీ నడిపించింది. మొదటిసారి ఆరు నిమిషాల్లో 380 మీటర్లు నడిచినవాడు 425 నడిచాడు. మెట్ల మీద ఐదంతస్తులు ఎక్కాడు, ఆరోది మొదలుపెట్టి వద్దన్నాడు. మావయ్య రోజూ చేసింది రాసుకున్న నోటుపుస్తకం తిరగేస్తూ ఆవిడ రెండు ఖాళీ పేజీల దగ్గర ఆగింది.

"ఈ రెండు రోజులూ ఏమీ చేయలేదా అండీ?"

"పార్వతీపురంలో మా తమ్ముడి కూతురి పెళ్ళమ్మా. వడ్డనలో నిలబడ్డాను."

"ఎన్ని బంతులు?"

"నాలుగు."

ఆవిడ పెన్ను తీసి ఆ పేజీలో 'నడక' అని రాసింది.