రోజ్ 31: ఒంటి మీద రెండేళ్లు

"అందులో జీలకర్ర వాసన వస్తుందట కదా, చెమట కంపులా ఉంటుందట కదా" అని ఈ రోజ్ 31 సెంటు గురించి నన్ను అడిగినవాళ్లు ఇప్పటికి ఐదారుగురైనా ఉంటారు. జీలకర్ర వాసన వస్తుంది, దాచాల్సిన పని లేదు. అది చెమట కంపా కాదా అంటే మాత్రం మీరు ఏ నెలలో పూసుకున్నారు, ఎంత పూసుకున్నారు, పూసుకుని ఎక్కడికి పోయారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ మూడింటిలోనూ నేను తప్పులు చేసి నేర్చుకున్నాను కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మాది నల్గొండ. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను, రోజూ పల్లెవెలుగు బస్సులో ముప్పావుగంట పోను, ముప్పావుగంట రాను. మా పిన్ని కొడుకు న్యూజెర్సీలో ఉంటాడు. రెండేళ్ల కింద దసరాకు వచ్చినప్పుడు ఒక చిన్న సీసా చేతిలో పెట్టి, "అక్కా, నీకు గులాబీ అంటే ఇష్టం కదా, ఇది చూడు" అన్నాడు. లె లాబో వాళ్ల రోజ్ 31, 15 మిల్లీలీటర్లది. ఆ కంపెనీ 2006లో న్యూయార్క్‌లో మొదలైంది, ఈ సెంటు కూడా ఆ మొదటి ఏడాదిదే, తయారు చేసినామె పేరు డాఫ్నే బ్యూజే. పేరులోని 31 అంటే అందులో కలిపిన దినుసుల లెక్క. షాపులో మనం అడిగాకే కలిపి సీసాలో పోస్తారు, చీటీ మీద తేదీతో పాటు మనం చెప్పిన పేరు అచ్చువేసి అంటిస్తారు. నా సీసా మీద నా పేరు ఉంది. ఒక వస్తువు మీద నా పేరు అచ్చులో చూసుకోవడం పెళ్లి శుభలేఖ తర్వాత అదే, ఆ సంతోషం వేరు.

ఆ పూట కొంచెం మణికట్టుకు కొట్టుకుని వంటింట్లోకి పోతే, బియ్యం ఏరుతున్న అమ్మ తల కూడా ఎత్తకుండా "జీలకర్ర దంచినవా బిడ్డా?" అంది. చేటలో బియ్యం తప్ప ఇంకేమీ లేదు, పొయ్యి కూడా వెలిగించలేదు. అమ్మ ముక్కు తప్పు చెప్పదు. దంచిన జీలకర్ర అంది చూడండి, వేయించిన జీలకర్ర అనలేదు. సరిగ్గా అదే తేడా.

గులాబీ సెంటు అనగానే మనకు గుర్తొచ్చేది పన్నీరు, కాకపోతే గులాబ్ జామూన్ పాకం, కాకపోతే అగరుబత్తి. ఇది ఆ దారిలో పోదు. ఒక్కసారి నొక్కి, రుద్దకుండా ఆరనిచ్చి చూస్తే మొదటి ఐదు నిమిషాలు తొడిమతో సహా తెంపిన గులాబీ, ఆకుపచ్చదనం ఇంకా పోనిది, దానికి మిరియంలాంటి కొంచెం ఘాటు. పది నిమిషాలకు జీలకర్ర పైకి వస్తుంది, రోట్లో వేసి రెండు పోట్లు వేసిన పచ్చి జీలకర్ర, ముక్కుకు తగిలే ఆ చిరుచేదుతో సహా. అది గులాబీలోని తీపిని విరిచేస్తుంది. ఈ సెంటులో నాకు నచ్చిన పని అదే, ఎందుకంటే తీపి గులాబీ పూసుకుంటే ఒక గంటకు నాకు తల బరువెక్కుతుంది. అరగంట దాటాక చెక్క మొదలవుతుంది. దేవదారు అని చెబుతారు గానీ నాకది కొత్త పెన్సిల్ చెక్కగానే ఆ పొట్టులోంచి వచ్చే వాసన, రోజూ బెంచీల మధ్య తిరిగేదాన్ని కాబట్టి వెంటనే పట్టుకున్నాను. దాని కింద వట్టివేళ్లు ఉన్నాయి. కూలర్ తడికల్లోంచి వచ్చే చల్లని తడి వాసన కాదు, మట్టి ఇంకా దులపని ఎండు వేరు. వీటన్నిటి వెనక సన్నగా పొగ, హోమం అయిపోయాక కొంగుకు మిగిలిపోయే పొగలాంటిది.

ఈ గులాబీ, జీలకర్ర, పొగ మూడూ ఒకేసారి ముక్కుకు తగిలిన క్షణం నాకు గుర్తుంది. మూడో రోజో నాలుగో రోజో, బడిలో ఆఖరి పీరియడ్, నోట్సులు దిద్దుతూ చెయ్యి ముఖం దగ్గరికి తెచ్చుకున్నాను. నా పెళ్లి పందిరి కళ్ల ముందుకు వచ్చింది. తమలపాకులో జీలకర్రబెల్లం ముద్ద, ముహూర్తానికి ఆయన చెయ్యి నా నడినెత్తిన, నా చెయ్యి ఆయన తల మీద, మెడలో గులాబీ దండ ఆ ఉక్కకు వాడిపోతూ, పక్కన హోమం. తర్వాత తలస్నానం చేసినా జీలకర్ర వాసన జుట్టులోంచి ఆ రాత్రంతా పోలేదు. ఫ్రెంచ్ ఆవిడ తెలుగు పెళ్లిని తలుచుకుని ఈ సెంటు చేసి ఉండదు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా నా ముక్కు నాది, ఆ ముక్కుకు ఇది అచ్చం తలంబ్రాల ముందు వాసన.

పడమటి దేశాల వాళ్లు ఇందులో చెమట ఉందనడం కూడా అబద్ధమేమీ కాదు. జీలకర్రకు ఆ వాసన ఇచ్చేది ఎక్కువగా క్యుమినాల్డిహైడ్ అనే పదార్థం. జీలకర్ర మోతాదు పెరిగేకొద్దీ ఒంటి వాసనకు దగ్గరగా తోస్తుంది, సెంట్లు చేసేవాళ్లు జీలకర్రను వాడేది కూడా చర్మపు వెచ్చదనం కోసమే. ఎదురుగా మనిషి ఉన్నట్టు అనిపించాలి, అందుకు. పుట్టినప్పటి నుంచి చారులో, మజ్జిగలో జీలకర్ర పీల్చినవాళ్లకు అది ముందు వంటిల్లుగా తెలుస్తుంది, ఆ తర్వాతే ఒళ్లుగా తెలుస్తుంది. అందుకే ఈ సెంటు గురించి బయటివాళ్లు రాసింది చదివి భయపడకండి, వాళ్ల వంటిల్లు వేరు.

కానీ ఎండాకాలం మాత్రం వాళ్ల మాటే నిజమవుతుంది. మొదటి ఏడాది ఏప్రిల్‌లో, 42 డిగ్రీల రోజు, నాలుగుసార్లు కొట్టుకుని బస్సెక్కాను. సీటు దొరకలేదు, మధ్యాహ్నం ఒంటిపూట బడి వదిలిన వేళ, బస్సు నిండా జనం. పావుగంటకు నా ఒంటి మీది గులాబీ ఎటు పోయిందో తెలియదు, మిగిలింది జీలకర్ర, దానికి తోడు నా చెమట. రెండూ కలిసి ఒకటయ్యాయి. నా పక్కన నిలబడ్డ ముసలమ్మ ముఖం తిప్పుకుంది, ఏమీ అనలేదు. ఇంటికి వచ్చి సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నాను, రాత్రి దాకా టెన్షనే, రేపు స్టాఫ్‌రూమ్‌లో ఎవరైనా ఏమైనా అంటారేమోనని. జరిగిందేమిటంటే వేడికి తేలికైన పూల వాసనలు ముందే ఆవిరైపోతాయి, బరువైనవి చర్మం మీదే కూర్చుంటాయి. నల్గొండ ఎండలు తెలిసినవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు. మార్చి చివరి నుంచి మృగశిర కార్తె దాటేదాకా దీన్ని ముట్టుకోకండి, ఏసీ ఆఫీసులో కూర్చునేవాళ్ల సంగతి వేరు.

దీని కాలం దసరా నుంచి సంక్రాంతి దాకా. సద్దుల బతుకమ్మ నాడు సాయంత్రం కొట్టుకుని ఆడటానికి పోయాను, చుట్టూ బంతిపూల వగరు వాసన, ఆ వగరుకు ఈ జీలకర్ర ఎంత బాగా అతికిందో చెప్పలేను. డిసెంబరులో పొద్దున చలికి బస్టాండులో శాలువా కప్పుకుని నిలబడితే శాలువా లోపలి నుంచి ఇది నెమ్మదిగా లేస్తుంది, గులాబీ అన్నిటికంటే ఎక్కువసేపు నిలిచేది ఆ చలిలోనే. వానాకాలం మధ్యస్తం, ముసురు రోజు బాగుంటుంది, వాన వెలిసి ఉక్కపోసే రోజు బాగుండదు.

లెక్క కావాలనేవాళ్లకు లెక్క. ఒక్క నొక్కుకు సుమారు 0.1 మిల్లీలీటరు వస్తుందనుకుంటే 15 మిల్లీలీటర్లకు 150 నొక్కులు. రోజుకు రెండు, వారానికి రెండు రోజులు చొప్పున నాకు మొదటి సీసా తొమ్మిది నెలలు వచ్చింది. ఇప్పుడు మూడో సీసాలో ఉన్నాను. రెండు నొక్కులు చాలు: ఒకటి మెడ వెనక జుట్టు కింద, ఒకటి మోచేయి మడతలో. చర్మం మీద ఐదారు గంటలు ఉంటుంది, అందులో మొదటి రెండు గంటలే పక్కవాళ్లకు తెలుస్తుంది, తర్వాత దగ్గరికి వచ్చినవాళ్లకే. నా ముక్కుకైతే గంటకే అలవాటైపోయి పోయినట్టే ఉంటుంది, మొదట్లో పోయిందనుకుని మళ్లీ కొట్టుకునేదాన్ని, అదే తప్పు. బయటి నుంచి ఇంట్లోకి వచ్చినవాళ్లను అడగాలి. మా ఆయన "వస్తున్నది" అంటే ఉన్నట్టే.

బట్ట మీద మాత్రం మర్నాటి దాకా ఉంటుంది. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు కదా, నేను నూలు మీదే కొడతాను, పట్టు మీద, జరీ మీద ఎప్పుడూ కొట్టను. పుట్టపాక తేలియా దుపట్టా ఒకటి ఉంది నా దగ్గర, ఆ నూలును నూనెలో నానబెట్టి తయారు చేస్తారు కాబట్టి కొత్తలో బట్టకే ఒక నూనె వాసన ఉంటుంది. ఆ నూనె వాసన మీద ఈ గులాబీ పడితే చర్మం మీద కంటే గుండ్రంగా, మెత్తగా వచ్చింది. ఎందుకో ఆ దుపట్టా ఉతకాలంటే మనసొప్పదు.

అత్తరుతో పోల్చమంటారు చాలామంది. మా పక్కింటి ఖాలా జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు పోయొచ్చినప్పుడల్లా దూదిలో గులాబ్ అత్తరు అద్ది నా చెవి మడతలో పెడుతుంది. హైదరాబాద్ పత్తర్‌గట్టిలో నేనూ రెండు రకాలు కొన్నాను, ఒకటి ఒట్టి గులాబీ, ఒకటి లవంగం కలిపింది. కనౌజ్‌లో పాత పద్ధతిలో చేసే అత్తరులో రాగి డేగిశాలో పూలూ నీళ్లూ మరిగించి ఆ ఆవిరిని వెదురు గొట్టంలోంచి గంధం నూనె ఉన్న పాత్రలోకి పంపుతారు. గంధం నూనె వాసనను పట్టి ఉంచుతుంది కాబట్టి ఎండకు అంత తొందరగా ఎగిరిపోదు, ఏప్రిల్‌లో కూడా నిలుస్తుంది. గులాబీ అందమే చూస్తే ఖాలా పెట్టే అత్తరు దీనికంటే గొప్పది, ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. కానీ అది మొదటి నుంచి చివరి దాకా ఒకటే మాట చెబుతుంది, రోజ్ 31 ఆరు గంటల్లో నాలుగుసార్లు మారుతుంది. నాకు పొద్దున బస్సులో ఒకటి, మధ్యాహ్నం లంచ్ బెల్లుకు ఇంకొకటి కావాలి.

లవంగం కలిపిన గులాబీ ఇష్టమైతే ఫ్రెడెరిక్ మాల్ వాళ్ల పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ లేడీ చూడండి, 2010లో డొమినిక్ రోపియాన్ చేసింది. తమ్ముడు చిన్న శాంపిల్ తెచ్చాడు. గులాబీ నూనెలోనే కొద్దిగా యూజినాల్ అనే పదార్థం ఉంటుంది, లవంగానికి ప్రాణం కూడా అదే, అందుకే ఆ రెండూ సులువుగా కలిసిపోతాయి. చాలా గొప్ప సెంటు, కానీ పచ్చౌలి అనే మట్టి వాసన ఆకు బరువు ఎక్కువ, పిల్లల మధ్య నిలబడి పాఠం చెప్పే నాకు అది మోయలేని నగ.

దాచుకోవడం గురించి ఒక్క మాట, ఇది నా డబ్బు పోయాక తెలిసింది. రెండో సీసాలో చివరి పావు వంతు హ్యాండ్‌బ్యాగులోనే ఉండిపోయింది, ఆ బ్యాగు ఏప్రిల్‌లో స్కూటీ డిక్కీలో ఎండకు రెండు మధ్యాహ్నాలు ఉంది. తర్వాత తీసి చూస్తే గులాబీ మాడినట్టు, పాత నూనె డబ్బా మూత తీసినట్టు వచ్చింది. మళ్లీ బాగుపడలేదు. ఇప్పుడు అట్టపెట్టెతో సహా బీరువాలో చీరల అడుగున పెడుతున్నాను.

కొనాలనుకునేవాళ్లకు: ధర ఎక్కువ, నా జీతానికి చాలా ఎక్కువ, 15 మిల్లీలీటర్లది కాకుండా పెద్దది మొదటిసారే తెప్పించకండి. కాగితం ముక్క మీద చూసి తేల్చుకోవద్దు, కాగితం మీద ఇది పెన్సిలూ జీలకర్రా మాత్రమే. చర్మం మీద, అదీ చల్లని పూట, రెండు గంటలు ఆగి చూడాలి. ముందు రోజు ఒక చెయ్యికి వాసన లేని క్రీమ్ రాసి, ఇంకో చెయ్యికి ఏమీ రాయకుండా చూస్తే పొడి చర్మం మీద ఎంత తొందరగా పోతుందో కూడా తెలుస్తుంది. మగవాళ్లకూ బాగుంటుంది, మా ఆయన రెండుసార్లు పూసుకున్నాడు, ఆయన మీద గులాబీ తగ్గి చెక్క ఎక్కువ వచ్చింది. తీపి సెంట్లు ఇష్టమైనవాళ్లకు, జీలకర్ర అంటే వంటింట్లోనే ఉండాలి అనుకునేవాళ్లకు ఇది నచ్చదు, వాళ్లకు నచ్చజెప్పే పని కూడా పెట్టుకోను.

అమ్మ మొన్న మా చెల్లెలి బిడ్డ పెళ్లికి తయారవుతూ నా దగ్గరికి వచ్చి మెడ వంచింది. "గా జీలకర్రది జెర కొట్టు" అంది. పెళ్లిలో జీలకర్రబెల్లం పెట్టే వేళ నా చెయ్యి పట్టుకుని "నా మీదికెల్లి వస్తున్నదా, అక్కడికెల్లి వస్తున్నదా?" అని అడిగింది. నేనూ చెప్పలేకపోయాను. తమ్ముడు డిసెంబరులో వస్తున్నాడు, ఇంకో 15 మిల్లీలీటర్లది తెమ్మన్నాను, చీటీ మీద అమ్మ పేరు వేయించమన్నాను.