ఆటోనగర్ షెడ్డులో ఎపాక్సీ ఫ్లోర్: ఐదేళ్లు వాడాక

కార్ల రిపేరు షెడ్డు నేలకి ఎపాక్సీ (రెసిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపి వేస్తే గట్టిపడే పూత) వేయించొచ్చా అని అడిగితే నేను చెప్పేది ఒకటే: వేయించండి, కానీ షెడ్డు మొత్తానికి వద్దు. విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకి వేయించి ఐదేళ్లు దాటింది. లిఫ్టులున్న వైపు ఇప్పటికీ గట్టిగానే ఉంది. షట్టర్ దగ్గర పసుపు తిరిగింది. వాటర్ వాష్ చేసే చోట, వెల్డింగ్ మూలలో అసలు వేయించలేదు. అక్కడ మిగిలిన డబ్బు లిఫ్టుల కింద మందం పెంచడానికి పనికొచ్చింది.

అంతకుముందు మామూలు ఐపీఎస్ గచ్చు, అంటే సిమెంటు కాంక్రీటు నేల ఉండేది. ఆయిల్ తాగి నల్లబడింది, జాకీ పెట్టిన చోటల్లా పొడి రాలేది. తాండూరు బండలు చవకే గానీ సందుల్లోకి ఆయిల్ దిగిందంటే ఇక పోదు. పార్కింగ్ టైల్స్ ఇంటి ముందు కారు నిలుపుకోడానికి బాగానే ఉంటాయి. జాక్ స్టాండు కాలు కింద మాత్రం బరువంతా ఒక్క చోటే పడుతుంది, అక్కడ లోపల గుల్ల ఉంటే టైలు పగులుతుంది.

ఎపాక్సీ అని అందరూ ఒకే పేరుతో అంటారు గానీ వేసే పద్ధతులు వేరు. రోలర్‌తో పూసేది పెయింటు కంటే కాస్త మందం, అంతే. సెల్ఫ్ లెవెలింగ్ అనేది పోసి పరిచేది, రెండు మూడు మిల్లీమీటర్లు వస్తుంది. దానికి మాకు చెప్పిన రేటు రోలర్ కోటింగ్‌కి రెండింతలు దాటింది. లిఫ్టుల కింద అది వేయించి, స్పేర్ పార్టుల గదికి రోలర్ కోటింగ్‌తో సరిపెట్టాం. గదిలో మనుషులు నడవడమే కాబట్టి అది చాలింది.

పని మొదలుపెట్టే ముందు చూడాల్సింది చెమ్మ. కృష్ణ పక్కన ఊరు, చాలాచోట్ల కింద నల్లరేగడి. గచ్చు పైకి పొడిగా కనిపిస్తున్నా అడుగు నుంచి తేమ ఎక్కుతూనే ఉంటుంది. అడుగున్నర చదరం మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి, నాలుగు వైపులా టేపు వేసి, కనీసం 16 గంటలు వదిలేయాలి. వానాకాలంలో మేం షీటు ఎత్తి చూస్తే అడుగున నీటి చుక్కలు, కింద గచ్చు నల్లగా. ఫిబ్రవరిలో అదే చోట పొడిగా ఉంది, అప్పుడే పనివాళ్లని పిలిచాం. కొత్తగా పోసిన కాంక్రీటు అయితే 28 రోజులైనా ఆగాలి.

పాత షెడ్డుకి రెండో శత్రువు ఆయిల్. యాసిడ్‌తో కడిగితే చాలన్నారు ఒక కాంట్రాక్టరు. యాసిడ్ పనిచేసేది సిమెంటు మీద. సిమెంటు ఆయిల్ తాగేసి ఉంటే దానికి అందేదేముంది? వేరే వాళ్లతో డైమండ్ గ్రైండింగ్ చేయించాం, అంటే మిషన్‌తో గచ్చు పైపొర అరగదీయించాం. దుమ్ముకి పక్క షెడ్డువాళ్లు గొడవ పడ్డారు, పడరా మరి. తర్వాత నీళ్లు చిలకరించి చూశాం. నీళ్లు ముత్యాల్లా నిలబడితే ఆయిల్ ఇంకా ఉన్నట్టు, ఇంకిపోయి గచ్చు ముదురు రంగుకి తిరిగితే సిద్ధమైనట్టు.

పోయడం సాయంత్రం పెట్టుకోండి. పొద్దున పోస్తే ఎండ ఎక్కేకొద్దీ గచ్చులో గాలి వేడెక్కి పైకి తన్నుతుంది, సూది మొన అంత చిల్లులు పడతాయి. రెసిన్, హార్డెనర్ కలిపాక బకెట్‌లో ఉంచకూడదు, వెంటనే నేల మీద పోసేయాలి. మా దగ్గర అడుగున కాస్త మిగిలిన బకెట్‌ని పక్కన పెడితే పట్టుకోలేనంత కాలింది, కాసేపటికి రాయి అయిపోయింది. అలాంటిది మే నెల ఎండలో ఈ పని పెట్టుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. మర్నాటికి నడవొచ్చు, కారు ఎక్కించడానికి మాత్రం వారం ఆగాలి.

వాడకంలో నాకు బాగా నచ్చింది లేత బూడిద రంగు. చేయి జారిన నట్టు ఎక్కడ పడ్డా కనిపిస్తుంది. రాత్రి నిలిపిన కారు కింద పొద్దున చుక్క చూస్తే సగం రోగం తెలిసిపోతుంది: నల్లగా ఉంటే ఇంజిన్ ఆయిల్, ఎర్రగా ఉంటే గేర్ బాక్స్ లేదా పవర్ స్టీరింగ్, ఆకుపచ్చగా ఉంటే చాలావరకు కూలెంట్. ఏది పడ్డా గుడ్డతో తుడిస్తే పోతుంది. బ్రేక్ ఫ్లూయిడ్ ఒక్కటి జాగ్రత్త, వెంటనే తుడవకపోతే మెత్తబరుస్తుంది. లిఫ్టు పక్కన రూపాయి బిళ్లంత మచ్చ అలా పడిందే.

ఇక నచ్చనివి. ఆయిల్ చుక్క మీద కాలు పడితే జారుతుంది, నున్నటి ఎపాక్సీ మీద మరీను. నడిచే దారిలో సిలికా ఇసుక చల్లించాం కాబట్టి బతికాం. ఆ గరుకులో మురికి పట్టి బ్రష్‌తో రుద్దాల్సి వస్తోంది, అయినా పర్లేదు. ట్రాలీ జాకీ చక్రాల కింద రాయి నలిగితే గీత ఖాయం. ఎండలో దూరం నుంచి వచ్చిన కారుని వేడి టైర్లతో ఎక్కువసేపు నిలిపితే టైరు ముద్ర ఉండిపోతోంది. షట్టర్ దగ్గర పసుపుకి కారణం ఎండే. పైన పాలీయురెథేన్ టాప్ కోటు ఉంటే అంతగా తిరిగేది కాదు, మాకిచ్చిన కొటేషన్‌లో అది లేదు.

అందుకే కొటేషన్‌లో వట్టి ‘ఎపాక్సీ’ అని రాస్తే ఒప్పుకోకండి. మందం ఎన్ని మిల్లీమీటర్లో, గ్రైండింగ్ అందులోనే ఉందో లేదో, టాప్ కోటు ఏదో రాయించుకోండి. ఇంటి కారు పార్కింగ్‌కి, అదీ ఎండా వానా నేరుగా పడే చోటైతే, దీని జోలికి పోకుండా పార్కింగ్ టైల్స్ వేయించుకోమనే చెప్తాను.