మిర్చి లెక్కలకు ఒకే పదకోశమా, పదాల పొంతనలా: ఏది మేలు?

గుంటూరు మిర్చి యార్డులో దిగిన సరుకు కమీషన్ కొట్టు నుంచి కోల్డ్ స్టోరేజీకి, అక్కడి నుంచి ఎగుమతిదారుకు చేరేలోపు మూడు నాలుగు కంప్యూటర్లలోకి ఎక్కుతుంది. ఒక కొట్టు లెక్కలనూ ఒక గిడ్డంగి లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నన్ను ఆపేసిన మాట 'తాలు'. కొట్టువారు దాన్ని తేజ, 334 అనే మిర్చి రకాల సరసన మరో రకంగా రాసుకున్నారు. గిడ్డంగివారు రకం గడిలో తేజ అని రాసి, తాలును నాణ్యత గడిలో వేశారు. రంగుపోయి తెల్లబారిన కాయ అని ఇద్దరికీ తెలుసు గానీ ఆ ఎరుక లెక్కల్లోకి ఎక్కలేదు కనుక, రెంటినీ కలిపితే తేజ నిల్వ తప్పుగా తేలింది. టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య సరిపోయినా తూకం కుదరలేదు. ఒకరు గోతంతో సహా రాస్తే మరొకరు గోతం బరువు తీసేసి రాశారు.

ఇలాంటి లెక్కలను కలపడానికి అందరిపైనా ఒకే పదకోశాన్ని రుద్దడం మొదటి దారి. తూకానికీ తేదీకీ అదే సరైనది. రకాల పేర్లకు మాత్రం అది నిలవదు. కొత్త విత్తనం కాయ యార్డుకు వచ్చిన రోజే పేరు పడిపోతుంది, ఆ పేరు ఉమ్మడి పట్టికకు ఎక్కేదాకా గుమస్తా దాన్ని 'ఇతరములు' గడిలోనే వేస్తాడు.

ఒకరి పదం మరొకరి ఏ పదానికి సరిపోతుందో చెప్పే పొంతనను, ప్రతి రెండు వ్యవస్థల జంటకూ విడిగా రాయడం రెండో దారి. అయిదు వ్యవస్థలుంటే పది పొంతనలు చాలు, యాభై ఉంటే 1,225 కావాలి.

నేను మొగ్గేది మూడో దారికి: రకం, నాణ్యత, తూకం, తేదీ వంటి అందరికీ తప్పనిసరైన నాలుగైదు భావాలను మధ్యలో ఉంచి, ఎవరి పదాలు వారికి వదిలి, ఒక్కో వ్యవస్థకూ ఆ మధ్యభాగానికీ ఒక్క పొంతన రాయడం. యాభైకి యాభై చాలు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వారి బహుభాషా వ్యవసాయ పదకోశం ఆగ్రోవాక్‌లో భావానికి ఒక గుర్తింపు ఉంటుంది, ఒక్కో భాషలోని పేరు దానికి అతుక్కుంటుంది. పదకోశాలను కంప్యూటర్‌కు అర్థమయ్యేలా రాసే పద్ధతిగా 2009లో వెబ్ ప్రమాణమైన స్కాస్ (SKOS) అయితే 'సరిగ్గా సమానం', 'దగ్గర సమానం', 'ఇంకా విశాలం' అని పొంతనలోనే తేడా చెప్పనిస్తుంది. కొట్టువారి తాలు తేజకూ 334కూ కూడా వర్తించవచ్చు కనుక, దాన్ని గిడ్డంగివారి 'తేజ, తాలు'కు సమానమని రాయకూడదు, విశాలమని రాయాలి. ఆ ముక్క కంప్యూటర్ ముందు కూర్చుంటే తెలియదు. కళ్లంలో కాయ ఏరే మనిషిని అడిగి, అడిగిన తేదీతో సహా రాసుకోవాలి.