ఆటోనగర్ సెకండ్ హ్యాండ్ మారుతి 800 ఇంజిన్: ఇంటి షెడ్డులో విప్పి చూశాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా, ఇంజిన్‌కి ఐదుకి మూడు స్టార్లు. కొట్టువాళ్ళ మాటలకి ఒక్కటి కూడా ఇవ్వను.

కొన్నది పాత కార్బొరేటర్ మోడల్ మారుతి 800 ఇంజిన్, 796 సీసీ, మూడు సిలిండర్లు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పాత సామాన్ల కొట్టులో గేర్ బాక్సుతో కలిపి తీసుకున్నాను. వాళ్ళ దగ్గర సిల్వర్ పెయింట్ కొట్టి తళతళలాడించినవి ముందు వరసలో ఉన్నాయి, జిడ్డోడుతున్నవి వెనక పడేశారు. కొట్టాయన పెయింట్ వేసినదాన్నే అంటగట్టాలని చూశాడు గానీ నేను వెనకున్నదే అడిగాను, ఎందుకంటే ఏ సీల్ కారుతోందో, ఏ ప్యాకింగ్ (భాగాల అతుకుల మధ్య వేసే గ్యాస్కెట్) పోయిందో జిడ్డు పేరుకున్న చోటు చూస్తేనే తెలిసిపోతుంది, పెయింట్ కొట్టేశాక ఇంకేం తెలుస్తుంది? "రన్నింగ్ కండిషన్ సార్, ఎక్కించి సెల్ఫ్ కొట్టడమే" అన్నాడు. ఆ మాట అక్కడ ప్రతి ఇంజిన్‌కీ చెప్తారు.

అందుకే ఇంటికి తెచ్చిన వెంటనే కడిగేయకండి. ముందు ఫోన్‌లో అన్ని వైపులా ఫోటోలు తీసుకోండి. నాదాంట్లో టాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) చుట్టూ, క్రాంక్ పుల్లీ వెనక ఆయిల్ తడి కనిపించింది, రెండూ చవక పనులే. ఆయిల్ పోసే మూత లోపల తెల్లటి నురగ లాంటిది ఉంటే నీళ్ళు ఆయిల్‌లో కలుస్తున్నాయేమోనని అనుమానించాలి. నాకు నల్ల మడ్డి తప్ప తెలుపు లేదు, హమ్మయ్య అనుకున్నా.

కడగడానికి కిరసనాయిలు ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది, డీజిలే వాడాను. షెడ్డు తలుపులు బార్లా తీసి, కార్బొరేటర్ నోరు, సైలెన్సర్ వైపు రంధ్రాలు గుడ్డలతో మూసి, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌కి పాలిథిన్ కవర్ చుట్టి, పాత పెయింట్ బ్రష్షుతో రుద్దడమే. ప్లగ్గుల చుట్టూ ఉన్న ఇసుక, మట్టి గాలి కొట్టి ఊదేశాకే ప్లగ్గులు విప్పండి, లేకపోతే అదంతా సిలిండర్లో పడుతుంది. ప్రెషర్ వాటర్ మాత్రం వద్దు.

ఇక అసలు పని కంప్రెషన్, అంటే పిస్టన్ నొక్కినప్పుడు సిలిండర్లో ఎంత ఒత్తిడి పుడుతోందో కొలవడం. గేజ్ ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపే దొరికింది, దానికైతే ఐదు స్టార్లు. రబ్బరు మూతిని చేత్తో నొక్కి పట్టుకునే రకం కొనకండి, ప్లగ్ స్థానంలో మరతో బిగించే గొట్టం ఉన్నదే తీసుకోండి, ఈ బండికి 14 ఎం.ఎం. మర. గేర్ బాక్సు కూడా ఎందుకు కొన్నానంటే ఈ ఇంజిన్‌కి సెల్ఫ్ మోటార్ దానికే బిగుస్తుంది, అది లేకుండా నేల మీద ఇంజిన్ని సెల్ఫ్‌తో తిప్పలేం. ఇంజిన్ని పాత టైరు మీద కూర్చోబెట్టి తాళ్ళతో కట్టేశాను, లేకపోతే సెల్ఫ్ కొట్టినప్పుడు పక్కకి ఒరుగుతుంది. ముందు పానాతో చేత్తో తిప్పి ఎక్కడా పట్టేయడం లేదని చూసుకున్నాను. ఆ తర్వాత మూడు ప్లగ్గులూ తీసేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, కార్బొరేటర్‌లో గాలి వెళ్ళే దారి పూర్తిగా తెరిచి, ఫుల్ చార్జ్ ఉన్న బ్యాటరీతో తిప్పితే ఒకటో సిలిండర్ 150 పీఎస్ఐ (ఒత్తిడి కొలత), మూడోది 145 చూపించాయి. రెండోది మాత్రం 105 దగ్గరే ఆగిపోయింది. ఇదా రన్నింగ్ కండిషన్?

మెకానిక్కులు ఇలాంటప్పుడు "బోరుకొచ్చింది" అనేస్తారు, అంటే సిలిండర్ లోపలి గోడ అరిగిపోయిందని, ఖర్చు పెద్దది. అలా అనే ముందు ఆ సిలిండర్లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ కొలవాలి. రీడింగ్ బాగా పెరిగితే పిస్టన్ రింగులు గానీ బోరు గానీ అరిగినట్టు, పెరగకపోతే చాలావరకు వాల్వుల దగ్గరే లీకు, లేదా హెడ్ ప్యాకింగ్. నాకు పెద్దగా కదలలేదు. టాపెట్ గ్యాప్ (వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు) సరిచేసినా అంతే. హెడ్ (సిలిండర్ల పైభాగం) దించితే ఎగ్జాస్ట్ వాల్వు సీటింగ్, అంటే పొగ బయటికి పోయే వాల్వు కూర్చునే చోటు, గుంటలు పడి ఉంది. గ్రైండింగ్ పేస్టుతో కూర్చోబెట్టి, కొత్త హెడ్ ప్యాకింగ్ వేసి కొలిస్తే మిగతా రెండింటి పక్కకి వచ్చింది. టైమింగ్ బెల్టు ఎలా ఉన్నా పారేసి కొత్తది వేశాను, దాని వయసు ఎవరికీ తెలియదు కదా.

కొట్టాయనకి ఫోన్ చేస్తే "పాత సరుక్కి గ్యారంటీ ఏంటి సార్" అన్నాడు. బిల్లు మాత్రం ఇంజిన్ నంబరు వేసి ఇచ్చాడు, అది చాలా అవసరం, ఎందుకంటే వేరే ఇంజిన్ ఎక్కిస్తే ఆర్టీఓ ఆఫీసులో ఆర్‌సీలో నంబరు మార్పించుకోవాలి. బిల్లు ఇవ్వనంటే ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి. చేత్తో విప్పడం రానివాళ్ళు, మెకానిక్‌కి కూలి ఇచ్చి ఇదంతా చేయించాల్సినవాళ్ళు ఈ ఇంజిన్ జోలికి పోవద్దు, గిట్టదు.