పాత రైలు కట్టల వెంట జియోక్యాషింగ్: చాలాకాలం వాడాక

మూతపడిన రైలు మార్గాల చరిత్ర వెతకడానికి జియోక్యాషింగ్ (ఎవరో దాచిపెట్టి అక్షాంశ రేఖాంశాలు ఇచ్చిన డబ్బాను, అంటే క్యాష్‌ను, జీపీఎస్‌తో వెతికే ఆట) పనికొస్తుంది. కాకపోతే ఏ రకం క్యాష్ ఎంచుకున్నారన్నదే అసలు సంగతి. వంతెన రాళ్ల సందులో దూర్చిన ట్రెడిషనల్ డబ్బా మిమ్మల్ని అక్కడిదాకా తీసుకెళ్తుంది, అంతే. చిట్టాలో పేరు రాసి వచ్చేస్తారు. మల్టీ క్యాష్ అలా వదలదు. వంతెన మీద చెక్కిన సంవత్సరం, మైలురాయి అంకె చదివి లెక్క కడితేనే తర్వాతి మజిలీ తెలుస్తుంది. రైలు చరిత్రకు నేను మల్టీలకే ఓటు వేస్తాను.

అక్షాంశ రేఖాంశాలు డిగ్రీలు, దశాంశ నిమిషాల్లో ఉంటాయి. 30.500 నిమిషాలంటే 30 నిమిషాల 30 సెకన్లు. 30 నిమిషాల 50 సెకన్లని ఎక్కిస్తే అక్షాంశంలో 600 మీటర్లకు పైగా తప్పుతుంది, వేరే వాగు దగ్గర తేలతారు.

ఆరుబయట ఫోన్ జీపీఎస్ ఐదు మీటర్ల లోపు చూపిస్తుంది. గుట్టను తొలిచి వేసిన లోతైన కోతల్లో మాత్రం దాన్ని నమ్మొద్దు. ఆకాశం కొద్దిగానే కనబడటం, సిగ్నల్ రాతి గోడలకు తగిలి ఆలస్యంగా చేరడం వల్ల బాణం గుర్తు అటూ ఇటూ గెంతుతుంది. ఇనుప గడ్డర్ల వంతెన దగ్గర ఇంకో చిక్కు: ఫోన్‌లోని దిక్సూచి ఇనుము వైపు లాగుతుంది. ముప్ఫై మీటర్ల ముందే ఆగి దిక్కు, దూరం గుర్తుపెట్టుకుని ఆపైన కళ్లతో వెతకడం మేలు.

పట్టాలు తీసేసిన చోట కట్టను పోల్చుకోవడానికి వంపే ఆధారం. రైలు కట్ట ఠక్కున మలుపు తిరగదు, ఎత్తుపల్లాలూ మెల్లగానే మారతాయి. పక్కనే వరసగా గుంతలుంటే కట్ట కోసం మట్టి తవ్వినవి కావచ్చు.

ఇక పట్టా ముక్కలు. కంచె స్తంభాలుగా పాతిన వాటి నిలువు పక్కన ఉబ్బెత్తు అక్షరాల్లో తయారీదారు పేరు, తయారైన సంవత్సరం, ఒక్కోసారి గజానికి ఎన్ని పౌన్లో కూడా ఉంటుంది. తుప్పులో కనబడకపోతే టార్చిని ఏటవాలుగా పట్టండి, నీడల్లో అక్షరాలు తేలతాయి. వైరు బ్రష్షుతో గీకొద్దు. ఆ సంవత్సరాన్ని మార్గం వేసిన ఏడాదిగా చాలా క్యాష్ వివరణల్లో రాసేస్తుంటారు. ప్రధాన మార్గంలో అరిగిన పట్టాలను సైడింగులకు (పక్కన వేసే చిన్న లైన్లకు) మార్చేవారు, కాబట్టి మార్గం అంతకంటే పాతదీ కావచ్చు, కొత్తదీ కావచ్చు. అలాగే ‘ప్రారంభం’ అని ఒకే ఏడాది రాసి ఉంటే అది గూడ్సుదా, ప్రయాణికుల రైలుదా అని పాత సర్వే పటాలు, టైంటేబుళ్లతో సరిచూడాలి. క్యాష్ పేజీని చరిత్ర పుస్తకం అనుకుంటే నష్టం మీకే.

చిన్న మైక్రో డబ్బాల్లో రబ్బరు రింగు పోతే కాగితం ముద్దయిపోతుంది. పెన్సిలు, పొడి కాగితం వెంట ఉంచుకోండి. వాడుకలో ఉన్న పట్టాలకు దగ్గరగా క్యాష్ కనిపిస్తే (అమెరికాలో సాధారణంగా పాటించే ఎడం 150 అడుగులు) వెతకొద్దు, రివ్యూయర్‌కు (క్యాష్‌లను పరిశీలించి ఆమోదించే వాలంటీరుకు) చెప్పండి.