గ్రాన్ పారడిసోకి వైజాగ్ అద్దె సామాను: ఇనుము తీసుకోండి, బూట్లు వద్దు

ఊళ్ళో ట్రెక్కింగ్ సామాను అద్దెకిచ్చే ఓ దుకాణం ఈమధ్య 'ఆల్ప్స్ సెట్టు' పెట్టింది. బూట్లు, 12 పళ్ళ స్టీలు క్రాంపాన్లు (మంచు మీద జారకుండా బూటు అడుగున బిగించేవి), ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి), హార్నెస్ (తాడు తగిలించుకునే నడుం పట్టీ), హెల్మెట్. ఇటలీలోని గ్రాన్ పారడిసో (4,061 మీటర్లు) ఎక్కడానికి ఇవి పనికొస్తాయా అన్న లెక్కలోనే ఈ రివ్యూ.

క్రాంపాన్లు బాగున్నాయి. పైపై తుప్పు ఉంది, సముద్రపు గాలికి అది తప్పదు. బలానికి ఢోకా లేదు. పళ్ళు మొద్దుబారితే చేత్తో ఆకురాయి పట్టించమనండి. గ్రైండర్ పెడితే వేడికి ఉక్కు గట్టిదనం పోతుంది. ఇవి మడమ దగ్గర లివర్, ముందు ప్లాస్టిక్ బుట్ట ఉన్న రకం, కాబట్టి బూటు మడమకి గట్టి గాడి ఉండాలి. లివర్, పట్టీ బిగించకముందే బూటు పైకెత్తి చూడండి: క్రాంపాన్ జారిపడకుండా అంటిపెట్టుకుని ఉంటే కొలత సరిపోయినట్టు. ముందు పళ్ళు బూటు కొన దాటి ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు రావాలి. అడుగున రబ్బరు పలక ఉన్న జతే అడగండి, కొన్నిటికి ఊడిపోయింది. అది లేకపోతే దిగేటప్పుడు ఎండకి మెత్తబడ్డ మంచు ముద్దగా అంటుకుని, పళ్ళు నేలకే తగలవు.

చిక్కంతా బూట్లతోనే. అట్టకీ పైభాగానికీ మధ్యనుండే పాలీయురెథేన్ పొర గాల్లో తేమకి లోలోపలే కుళ్ళిపోతుంది. వైజాగ్ లాంటి చోట ఇది మరీ త్వరగా జరుగుతుంది. వాడకుండా అటక మీద పడున్న జత చూడ్డానికి కొత్తదిలాగే ఉంటుంది, నమ్మొద్దు. ఆ పొరని పక్కనుంచి గోటితో నొక్కండి. పగిలినా, పొడి రాలినా వదిలేయండి. క్రాంపాన్ పట్టు అంతా ఆ అట్ట మీదే, అట్ట ఊడితే అదీ పోతుంది. పైగా ఎక్కేది తక్కువేం కాదు: నడక మొదలయ్యే పోంట్ (1,960 మీటర్లు) నుంచి మొదటిరోజు రాత్రి బస చేసే విట్టోరియో ఎమాన్యుయేలే హట్‌కి 770 మీటర్లు, మర్నాడు శిఖరానికి ఇంకో 1,330 మీటర్లు ఎక్కాలి. సాధారణంగా అదే రోజు మొత్తం దిగేస్తారు. బూట్లు ఫ్రాన్స్‌లోని షామోనీలో అద్దెకి తీసుకోవడం మేలు, అక్కడ మడమ గాడితో క్రాంపాన్ జత కుదిరిందో లేదో కూడా చూసుకోవచ్చు.

హార్నెస్ మీద తయారీ తేదీ చూడండి, 10 ఏళ్ళు దాటితే వద్దు. హెల్మెట్, ఐస్ యాక్స్ సరే.

టెంటు కూడా అంటగట్టబోతారు, అక్కర్లేదు. ఐబెక్స్ అనే కొండమేకల్ని కాపాడటానికి 1922లో ఏర్పడ్డ నేషనల్ పార్కది, ఎక్కడ పడితే అక్కడ గుడారం వేయనివ్వరు. హట్‌లో పడక ముందే బుక్ చేసుకోవాలి.

పళ్ళకి తొడుగులు ఇవ్వట్లేదు. పాత సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి చెకిన్ లగేజీలో వేయండి, క్యాబిన్ బ్యాగులో పెడితే ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు.