క్రేటోసా, బయొనెట్టానా, నింజానా? పీఎస్3, 360 కాలం యాక్షన్ గేముల్లో ఏది మేలు

ఆ తరం యాక్షన్ గేముల గురించి ఎవరితో మాట్లాడినా రెండు నిమిషాల్లో గొడవ మొదలవుద్ది. ఒకడు గాడ్ ఆఫ్ వార్ 3 అంటాడు, ఇంకోడు బయొనెట్టా ముందు అది జుజుబీ అంటాడు, మూలన కూర్చున్న మూడోవాడు తాపీగా "అసలు నింజా గైడెన్ 2 మాస్టర్ నింజాలో ఆడారా మీరు" అని అడుగుతాడు (అది దాంట్లో అన్నిటికన్నా కష్టమైన డిఫికల్టీ), ఇక ఆ రాత్రికి నిద్రపోయినట్టే. నేను మూడూ ఆడా, ఒక్కోటి ఒకసారి కాదు, కాబట్టి నా లెక్క నేను చెప్తా, నచ్చకపోతే తిట్టుకోండి.

ముందే ఒక మాట, నేను మాట్లాడేది పీఎస్3 (ప్లేస్టేషన్ 3), ఎక్స్‌బాక్స్ 360 అనే గేమ్ కన్సోళ్ల కాలం గురించే, అంటే 2005 చివర్లో మొదలై 2013 దాకా నడిచిన తరం. అందులోనూ కత్తి, పిడికిలి, తన్ను లాంటి దగ్గర ఫైటింగ్ ఉన్న గేములే. తుపాకులు పేల్చేవి పక్కన పెట్టేశా. డార్క్ సోల్స్ కూడా ఆ టైమ్‌దే కదా అంటారేమో, అది వేరే జాతి, దాన్ని ఇందులో కలిపితే రెండింటికీ అన్యాయమే.

తూచేది ఎలా అంటే, కొట్టే బటన్ చూసి కాదు. కొట్టడం ఏ గేమ్‌లో అయినా బానే ఉంటది, రక్తం చిమ్ముద్ది, కంట్రోలర్ వణుకుద్ది, కౌంటర్‌లో నంబర్ పెరుగుద్ది. ఎదుటోడు చెయ్యెత్తినప్పుడు నా చేతిలో ఏముంది, తప్పించుకుని మళ్లీ నా దెబ్బకి ఎంత తొందరగా రాగలను, అసలు సంగతి అక్కడ తేలుద్ది. ఈ ఒక్క ప్రశ్నతో చూస్తే మూడు గేములూ మూడు దారుల్లో పోతాయి.

గాడ్ ఆఫ్ వార్ 3 నుంచి మొదలుపెడదాం, ఎక్కువమంది ఆడింది అదే. 2010 మార్చిలో పీఎస్3కి వచ్చింది, శాంటా మోనికా స్టూడియో చేసింది. మొదటి అరగంట ఉంది చూడండి, ఒలింపస్ కొండ ఎక్కుతున్న గాయా అనే కొండంత భూమాత ఒంటి మీద నిలబడి మనం కొట్టుకుంటుంటాం, ఆ నేలే కదులుతుంటది, ఎదురుగా సముద్ర దేవుడు పొసైడాన్ నీళ్లతో చేసిన గుర్రాలు పీతలు కలిపినట్టున్న రూపంలో పైకి లేస్తాడు. ఆ ఎత్తుగడ ముందు ఆ తరంలో ఇంకేదీ నిలబడదు, ఒప్పుకోవాల్సిందే. చివర్లో పొసైడాన్‌ని చంపేది వాడి కళ్లలోంచే చూపిస్తారు, మనం ఆడే హీరో క్రేటోస్ మొహం మన మీదికి వస్తుంటే రెండు స్టిక్కులూ లోపలికి నొక్కాలి, అంటే మన బొటనవేళ్లతోనే కళ్లు పొడుస్తున్నట్టు. మొదటిసారి అది చేసి ఒక నిమిషం కంట్రోలర్ కింద పెట్టేశా.

కానీ ఆ హడావిడి దాటాక మామూలు ఫైట్ సంగతి చూద్దాం. ఎల్1 బటన్ పట్టుకుంటే బ్లాక్, అంటే దెబ్బని అడ్డుకోవడం, సరైన క్షణంలో నొక్కితే తిప్పికొట్టొచ్చు, కుడి స్టిక్‌తో దొర్లొచ్చు. అన్నీ ఉన్నాయి, బాగానే పనిచేస్తాయి, కాకపోతే నార్మల్ డిఫికల్టీలో వాటి అవసరమే పెద్దగా రాదు. గొలుసు కత్తులు గిరగిరా తిప్పుతుంటే ఎవడూ దగ్గరికి రాడు. గుంపు ఎక్కువైతే ఒక సైనికుడి మెడ పట్టుకుని వాడినే దుంగలా ముందు పెట్టుకుని మిగతావాళ్లని గుద్దుకుంటూ పోవచ్చు, సరదానే, పదోసారి కూడా సరదానే, కానీ నేర్చుకునేది ఏమీ ఉండదు. హెర్క్యులిస్ దగ్గర లాక్కున్న ఇనప పిడికిళ్లు, సెస్టస్ అంటారు, అవి చేతికొచ్చాక మాత్రం దెబ్బకి బరువొస్తది, ఆట మారుద్ది. నాలుగు ఆయుధాల్లో నిజంగా తేడా తెలిసేది ఆ ఒక్కదానికే, మిగతావి ఒకే గొలుసుకి వేరే రంగులేసినట్టుంటాయి.

ఇప్పుడు బయొనెట్టా. 2009 అక్టోబర్‌లో జపాన్‌లో వచ్చింది, బయటి దేశాలకి 2010 జనవరిలో. డైరెక్టర్ హిడెకి కమియా, మొదటి డెవిల్ మే క్రై కూడా ఆయనదే, చేసింది ప్లాటినమ్ గేమ్స్. పైపైన చూస్తే ఇదొక తిక్క గేమ్, మంత్రగత్తె, నాలుగు తుపాకులు, అందులో రెండు చెప్పుల మడమలకి, ఒంటి మీద బట్టలు కూడా జుట్టే, శత్రువులేమో దేవదూతలు. ఈ వేషం చూసి చాలామంది ట్రైలర్ దగ్గరే ఆగిపోయారు, వాళ్ల ఖర్మ.

ఇందులో తప్పించుకోవడానికి బ్లాక్ ఉండదు, ఒకటే డాడ్జ్ బటన్. దెబ్బ తగలబోయే ఆఖరి క్షణంలో నొక్కితే విచ్ టైమ్, అంటే చుట్టూ కాలం నెమ్మదిస్తది, మనం మాత్రం మామూలు స్పీడ్‌లో ఉతుకుతాం. ముందే నొక్కేస్తే బతుకుతాం కానీ ఏమీ దక్కదు. అంటే ఎంత భయపడకుండా ఆగితే అంత లాభం. మిగతా గేముల్లో శత్రువు చెయ్యెత్తితే గుండె ఝల్లుమంటది, ఇందులో మాత్రం కొట్టరా, తొందరగా కొట్టు అని వాడి కోసం మనమే ఎదురుచూస్తాం.

దీని కింద ఇంకోటి దాగుంది, చాలామంది గేమ్ అయిపోయినా కనిపెట్టరు. డాడ్జ్ ఆఫ్‌సెట్ అంటారు. గుద్దు, తన్ను, గుద్దు అనే చిన్న కాంబో (వరస దెబ్బలు) ఉంది, మూడో గుద్దుకి జుట్టుతో చేసిన రాక్షసి పిడికిలి గాల్లోంచి ఊడిపడుద్ది. గుద్దు అయింది, తన్ను నొక్కారు, ఈలోపు ఎవడో పక్కనుంచి వస్తున్నాడు. తన్ను బటన్ వదలకుండా అలాగే పట్టుకుని డాడ్జ్ కొట్టండి, పల్టీ కొట్టి పక్కకి వస్తది, అప్పుడు బటన్ వదిలి గుద్దు నొక్కండి, కాంబో మొదటికి రాదు, ఆగిన చోటు నుంచే కంటిన్యూ అయి ఆ పెద్ద పిడికిలి పడుద్ది. వినడానికి చిన్న విషయమే, వేళ్లకి అలవాటైతే మాత్రం దాడి వేరు, తప్పించుకోవడం వేరు అనే గీతే చెరిగిపోద్ది. నాకు ఇది వంటబట్టడానికి రెండు వారాలు పట్టింది. ఆ తర్వాత వేరే గేమ్‌లో డాడ్జ్ కొట్టిన ప్రతిసారీ కాంబో తెగిపోతుంటే చెయ్యి విరిగినట్టు ఉండేది.

షాప్‌లో మూన్ ఆఫ్ మహాకాల అని ఒక నగ దొరుకుద్ది (పేరు చూసి నాకూ నవ్వొచ్చింది), అది పెట్టుకుంటే దెబ్బ వచ్చేటప్పుడు స్టిక్ అటువైపు తోసి అడ్డుకోవచ్చు. డాడ్జ్ నచ్చనివాళ్లకి అదొక దారి. నాన్‌స్టాప్ ఇన్ఫినిట్ క్లైమాక్స్ అనే ఆఖరి డిఫికల్టీలో డాడ్జ్‌కి వచ్చే విచ్ టైమ్ పీకేస్తారు, అప్పటిదాకా నేర్చుకున్నదాంట్లో నీ సొంతం ఎంత అని పరీక్ష పెట్టినట్టు.

లోపాలు లేవా అంటే బోలెడు. ఉన్నట్టుండి స్క్రీన్ మీద బటన్ బొమ్మ పడుద్ది, కన్నార్పితే చావే, ఆ చావు లెక్క చాప్టర్ చివర ర్యాంక్ మీద పడుద్ది, అరగంట ఒళ్లొంచి కొట్టి చివరికి రాతి బొమ్మ అవార్డ్ చూసుకుంటే ఒళ్లు మండిపోద్ది. ఆ బొమ్మ కూడా ఎవరిదంటే ఎంజో అనే లావుపాటి వాగుడుకాయది, వెక్కిరించడానికే పెట్టారు. బైక్ మీద వెళ్లే చాప్టర్, మిసైల్ మీద ఎగిరే చాప్టర్ రెండూ ఉండాల్సినదానికి రెట్టింపు సాగుతాయి. కథ నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు, అర్థమైందని చెప్పేవాళ్లని నేను నమ్మను. పీఎస్3 వెర్షన్ ప్లాటినమ్ చేసింది కాదు, పబ్లిషర్ సెగా పోర్ట్ చేయించింది, ఫ్రేమ్ రేట్ (సెకనుకి స్క్రీన్ మీద మారే బొమ్మల సంఖ్య) 360 కంటే బాగా తక్కువ, మొదట్లో లోడింగ్ కూడా దారుణం. విచ్ టైమ్ అంతా క్షణాల లెక్క కదా, ఫ్రేమ్ రేట్ పడితే గేమ్ సగం పోయినట్టే.

మూడోది నింజా గైడెన్ 2, టీమ్ నింజా చేసింది, 2008 జూన్‌లో 360కి మాత్రమే వచ్చింది. దీన్ని తలచుకుంటే నాకు ప్రేమ, కోపం రెండూ ఒకేసారి వస్తాయి. గేమ్ రిలీజ్ అయిన రోజుల్లోనే దాని డైరెక్టర్ ఇటగాకి కంపెనీ మీద కేసేసి బయటికి వచ్చేస్తున్నట్టు ప్రకటించాడు. గేమ్ చూస్తే కూడా హడావిడిగా చుట్టేసినట్టే కనపడుద్ది, కొన్ని చాప్టర్లు మధ్యలో వదిలేసి లేచి వెళ్లిపోయినట్టుంటాయి. అయినా కొట్లాట మాత్రం, అబ్బా.

ఇందులో శత్రువుల చేతులు కాళ్లు తెగిపోతాయి, కానీ తెగినోడు చావడు, ఇంకా ప్రమాదం అవుతాడు. కాలు పోయిన నింజా పాక్కుంటూ వచ్చి నిన్ను పట్టుకుని బాంబుతో సహా పేలిపోతాడు. అందుకే సగం చచ్చినోడిని ముందు ముగించాలి, దగ్గరికెళ్లి హెవీ బటన్ నొక్కితే మన హీరో ర్యూ వాడిని ఒక్క ఊపులో ముక్కలు చేస్తాడు, ఆ కాసేపు మనకి దెబ్బ తగలదు. అంటే ఇక్కడ చంపడమే తప్పించుకోవడం. బ్లాక్ ఉంది, బ్లాక్‌లోంచి డ్యాష్ ఉంది, అయినా పదిమంది చుట్టుముట్టినప్పుడు నిజంగా కాపాడేది ఎవడి చెయ్యి తెగిందో ఎవడిది తెగలేదో గుర్తుపెట్టుకునే బుర్రే. ఈ ఆలోచన మిగతా రెండింట్లో లేదు. మెట్ల మీద వరసపెట్టి వచ్చే ఆ పెద్ద గుంపు ఫైట్ దగ్గర 360 కూడా చేతులెత్తేసి స్లో మోషన్‌లోకి పోద్ది, కావాలనే పెట్టారా అని అప్పట్లో అనుమానపడ్డవాళ్లు కూడా ఉన్నారు.

ఇక మోసం అంటే ఇదే గేమ్. స్క్రీన్ బయట నుంచి రాకెట్లు వస్తాయి, పై డిఫికల్టీల్లో పేలే షురికెన్లు (నింజాలు విసిరే చక్రాలు) వర్షంలా పడతాయి, కెమెరా ఏమో గోడని చూపిస్తుంటది. మంటలు చిమ్మే అలుగు లాంటి బాస్ ఒకటుంటది, కిందా మీదా పడి దాన్ని చంపి హమ్మయ్య అని కంట్రోలర్ వదిలితే, చచ్చాక అది పేలుద్ది, ఆ పేలుడు బ్లాక్ చెయ్యకపోతే మనమూ పోతాం, ఫైట్ మళ్లీ మొదటి నుంచి. ఇది డిజైనా, పగ తీర్చుకోవడమా? మరుసటి ఏడాది పీఎస్3కి సిగ్మా 2 వచ్చింది, రక్తం తీసేసి ఊదారంగు పొగ పెట్టారు, శత్రువుల సంఖ్య తగ్గించారు, ఆట నున్నగా అయింది కానీ ఆ గుంపు ఒత్తిడి పోయింది. పులుపు తీసేసిన పులుసు.

కెమెరా ఒక్కదాంట్లో చూస్తే గాడ్ ఆఫ్ వార్ 3దే పైచేయి, అది ఫిక్స్‌డ్, మనం తిప్పక్కర్లేదు, ఎప్పుడు ఎక్కడ ఉండాలో దానికి తెలుసు. బయొనెట్టాది పర్వాలేదు. నింజా గైడెన్‌ది శత్రువుల వైపు జీతానికి పనిచేస్తుంటది.

డెవిల్ మే క్రై 4 ఏమైంది అని అడుగుతారని తెలుసు. కొట్టే బటన్ చూసి తూచితే ఫస్ట్ అదే, అందులోని డాంటేతో గాల్లో ఉండగానే నాలుగు స్టైల్స్ మార్చుకుంటూ కొట్టడం ఇప్పటికీ చేతకాని విద్య నాకు. కానీ సగం గేమ్ అయ్యాక వచ్చిన దారినే వెనక్కి నడిపించి, అవే బాసుల్ని మళ్లీ ముందు పెట్టి, మధ్యలో పాచికలాట ఆడిస్తారు, అక్కడ నా ఓపిక చచ్చిపోయింది. 2013లో వచ్చిన మెటల్ గేర్ రైజింగ్ దీనికి సరిగ్గా ఎదురు, ఐదారు గంటల్లో అయిపోద్ది, వృథా చాలా తక్కువ. దాంట్లో బ్లాక్ లేదు, దెబ్బ వచ్చే వైపు స్టిక్ తోసి లైట్ అటాక్ కొట్టడమే, అంటే వెనక్కి తగ్గేవాడికి ఆ గేమ్‌లో చోటు లేదు. చిక్కేంటంటే ఆ సంగతి గేమ్ సరిగా నేర్పదు, కుక్క రోబో దగ్గర చుక్కలు కనపడి వదిలేసినవాళ్లు చాలామంది. డిఫెన్సివ్ అఫెన్స్ అనే డాడ్జ్ స్కిల్ షాప్‌లో ఉంటది, ముందు అది కొనండి, మిగతావి తర్వాత.

సరే, ఏది మేలు? బయొనెట్టానే, 360 వెర్షన్. ఎందుకంటే దాంట్లో మాత్రమే ఓడిపోయిన ప్రతిసారీ తప్పు నాదే అనిపించింది, ఆ బటన్ బొమ్మల చావులు తీసేస్తే. రెండోది నింజా గైడెన్ 2, గేమ్‌గా కాదు, ఫైట్‌గా. ఒక్కోసారి ఇదే ఫస్ట్ అనాలనిపిస్తది, మళ్లీ ఆ అలుగు గుర్తొచ్చి మానేస్తా. మూడు రైజింగ్, ఆ తర్వాతే గాడ్ ఆఫ్ వార్ 3. కానీ కంట్రోలర్ ఎప్పుడూ పట్టనివాడు ఇంటికొస్తే మొదట పెట్టేది గాడ్ ఆఫ్ వార్ 3నే, వేరే ఏది పెట్టినా పావుగంటలో లేచిపోతాడు.

ఇప్పుడు ఆడాలంటే గాడ్ ఆఫ్ వార్ 3 రీమాస్టర్డ్ 2015లో పీఎస్4కి వచ్చింది, ఒరిజినల్‌లో ఫ్రేమ్ రేట్ ఊగుతుండేది, ఇందులో 60 దగ్గర ఉంటది, అదే తీసుకోండి. బయొనెట్టాకి 2017 పీసీ వెర్షన్ ఉంది, 2020లో పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్‌లకి కూడా వచ్చింది, ఇక పీఎస్3ది ముట్టుకోవాల్సిన పనే లేదు. నింజా గైడెన్ 2తోనే తంటా, 2025లో వచ్చిన నింజా గైడెన్ 2 బ్లాక్ చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, తెగిన చేతులు, రక్తం తిరిగొచ్చాయి, కానీ దాని పునాది సిగ్మా 2నే. అసలు సరుకు కావాలంటే కొత్త ఎక్స్‌బాక్స్‌లో పాత గేమే బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీలో, అంటే పాత గేములు నడిపే సౌకర్యంతో, ఆడాలి.

బయొనెట్టా మొదలుపెడితే మాత్రం లోడింగ్ స్క్రీన్ ఊరికే పోనివ్వకండి, అక్కడ ఖాళీ నేల మీద మనిషిని వదిలి కాంబోలు కొట్టుకోనిస్తారు. గుద్దు, తన్ను పట్టుకో, పల్టీ, గుద్దు. చాప్టర్ లోడ్ అయిపోయినా ఒక బటన్ నొక్కితే అక్కడే ఉండిపోవచ్చు. నేను ఒకసారి అలా ఉండిపోయి, టైమ్ చూసుకునేసరికి నలభై నిమిషాలు అయింది, గేమ్ ఇంకా మొదలే కాలేదు.